లెక్కపెట్టని మంద



ఈ పోస్టు కొంచెం పొడుగుంటది. ఇంట్ల మేకలు, గొర్రెలు, బర్రెలు ఉన్నోళ్లు మాత్రం చివరిదాకా చదవండి. మళ్ల వానలు పడేలోపే రాయాలని ఇద్దరం కూర్చున్నం.

మేము అన్నదమ్ములం. ఉండేది తెల్లాపూర్‌ల, పాత ఊళ్లె ఒక రేకుల రూముల. ఒకరిది డిగ్రీ, ఇంకొకరు ఐటీఐ చేసి పాశమైలారంల అప్రెంటిస్‌గా పోతున్నరు. మా తండా నారాయణఖేడ్ దిక్కు. రూము కిటికీల నుంచి చూస్తే ముప్పై, నలభై అంతస్తుల బిల్డింగులు కనబడతయి. వాటి మధ్యల ఇంకా ఇల్లు కట్టని ప్లాట్లల్ల పొద్దుగూకే యాళ్లకు నాలుగైదు బర్రెలు మేస్తుంటయి. వాటిని చూసినప్పుడల్లా ఇల్లు యాదికొస్తది. పోయినేడు ఆగస్టు నుంచి వేరే సంగతి యాదికొస్తున్నది.

మాది పెద్ద మందేం కాదు. బా పేరు మీద ఎకరంన్నర చెల్క ఉన్నది. పంట ఏడాదికి ఒక్కసారి, అదీ వాన దయ. ఇంటి ఖర్చు, మా ఫీజులు, చెల్లె నర్సింగ్ చదువు, అన్నీ మేకల మీదనే నడిచినయి. ఫీజు కట్టాలంటే ఒక పోతు అమ్ముడు, అంతే. మా పక్కింట్ల కాకీ ఉంటది. మా భాషల కాకీ అంటే చిన్నమ్మ. కాక చనిపోయి ఆరేండ్లయింది. ఆమెకు భూమి లేదు. ఆమె మేకలు కూడ మా మందలనే కలిసి మేస్తయి, మా దొడ్డిలనే పడుకుంటయి.

మంద ఎంత అని ఎవరన్న అడిగితే మా దాది కోపం చేసేది. లెక్కపెడితే దిష్టి తగులుతదని ఆమె నమ్మకం. "ఎన్నున్నయో అవి ఇంటికొస్తే సాలు" అనేది. ఆషాఢంల మంగళవారం నాడు సీత్లా భవాని పండుగ చేస్తం కదా, తెలుగోళ్లు దాటుడు పండుగ అంటరు. గొడ్డూ గోదా సల్లగుండాలని మొక్కి, గుగ్గిళ్లు చల్లి, పశువులను అమ్మవారి ముందట నుంచి దాటిస్తం. ఆ రోజు మంద మొత్తం ఒక్కొక్కటి మా కండ్ల ముందట నుంచే దాటిపోతది. అయినా ఎవ్వరం లెక్కపెట్టం. చిన్నప్పటి నుంచి మాకు అదే అలవాటు.

2025 ఆగస్టు చివరి వారం పడ్డ వాన మీ అందరికీ గుర్తుండే ఉంటది. కామారెడ్డి, మెదక్ దిక్కు ఊర్లు మునిగిన వాన. అదే వానకు మా తండా పక్కన వాగు కూడ పొంగింది. దొడ్డి వాగుకు దగ్గర్లనే ఉండె. రాత్రి మూడింటికి నీళ్లొచ్చినయి. బా, కాకీ చీకట్ల నడుము లోతు నీళ్లల్ల పోయి దొడ్డి తడక కోసిండ్రు. చానా మేకలు గట్టు ఎక్కినయి. పదకొండు ఎక్కలే.

పొద్దుగాల యాడి ఫోన్ చేసింది. ఏడ్వలే. "పదకొండు పోయినయి. మీరేం ఆగమాగం రాకుండ్రి, బాటల వాగులున్నయి" అన్నది, అంతే. మేము పటాన్‌చెరు పోయి బస్సెక్కినం. సంగారెడ్డి దాటినంక ఒక కల్వర్టు కాడ బస్సు ఆగిపోయింది. ఇంటికి చేరేసరికి తెల్లారి మధ్యాహ్నమైంది.

దారిల ఉన్నప్పుడే ఈ గ్రూపులనే పరిచయమైన ఒక కోయ మిత్రునికి ఫోన్ చేసినం. వాళ్లది భద్రాచలం దిక్కు. 2022 జూలైల గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు వాళ్ల ఊరు మునిగింది. ఆయన మొదటి మాటనే ఇది: "పూడ్చకండి. ఎవ్వరొచ్చి చూడకముందే పూడిస్తే చచ్చినట్టు రుజువు లేదు. ఫొటోలు తియ్యండి, పంచాయతీ కార్యదర్శికి చెప్పండి, పశువుల డాక్టర్‌ను పిలవండి." మేము వెంటనే యాడికి చెప్పినం. బా అప్పటికే గుంత తవ్వుతున్నడంట. ఆ ఫోన్ ఒక గంట లేటైతే ఈ పోస్టు రాసే అవసరమే ఉండకపోవు.

పదకొండు మేకలు కాగితం మీదికి పోయేసరికి ఎన్నైనయో చెప్తం.

అయిదు వాగుల కొట్టుకపోయినయి. రెండు రోజులు వాగు వెంట తిరిగినం, దొరకలే. శవం లేదు కాబట్టి పంచనామాల రాయలే. మిగిలిన ఆరింటిల రెండు పిల్లలు, ఇంకా పాలు తాగేటియి. అవి లెక్కలకు రావన్నరు. మిగిలినయి నాలుగు. డాక్టర్ వచ్చి ఆ నాలుగింటిని చూసి సర్టిఫికెట్ ఇచ్చిండు. పదకొండు పోతే కాగితం మీద నాలుగే పోయినయి.

కాగితాలు పట్టుకొని ఒక ఆఫీసుకు పోయినం. అక్కడ కాకీని అడిగిన మొదటి ప్రశ్న "పాస్‌బుక్ ఏది?" అని. ఆమెకు భూమే లేదు. రెండో ప్రశ్న బ్యాంకు ఖాతా. ఖాతా ఉన్నది గని చాన్నాళ్ల నుంచి వాడలే, ఆధార్ లింకు లేదు. "అన్నీ ఒకటే దొడ్డిల ఉన్నయి కదా, ఒకటే అప్లికేషన్ పెట్టుండ్రి" అన్నరు. అట్లా నాలుగు మేకలూ యాడి పేరు మీదికి వచ్చినయి. ఆ నాలుగింటిల మూడు కాకీవి. మాది ఒక్కటే. ఎవరి మేక ఏదో చెవి కోత చూసి మాకు తెలుసు. కాగితానికి తెల్వదు.

ఆ ఆఫీసుల మాతో ఎవ్వరూ చెడుగ మాట్లాడలే. వాళ్ల చేతుల ఉన్న రూల్స్ ప్రకారం చేసిండ్రు. అందుకే ఆ రూల్స్ ఏమున్నయో తర్వాత కూర్చొని చదివినం. చదివినంక మాకు అర్థమైంది ఇది.

విపత్తు సాయం ఎవరి దయతోనో వచ్చేది కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి రాష్ట్రానికి ఒక విపత్తు స్పందన నిధి ఉంటది. మనలాంటి రాష్ట్రాలకు అందుల 75 శాతం కేంద్రం వాటా, 25 శాతం రాష్ట్రం వాటా. దేనికి ఎంత ఇయ్యాలో కేంద్ర హోం శాఖ పట్టిక ఇస్తది. 2022-23 నుంచి 2025-26 దాకా ఉన్న పట్టిక ప్రకారం పాలిచ్చే బర్రె, ఆవుకు 37,500 రూపాయలు. దున్నే ఎద్దుకు 32,000. దూడకు, గాడిదకు 20,000. మేకకు, గొర్రెకు 4,000. కోడికి 100. అంతకుముందు పట్టికల బర్రెకు 30,000, మేకకు 3,000 ఉండె. ఇక ముందు రేట్లు మారొచ్చు, మీ మండలంల అడిగి తెలుసుకోండి.

దానికి హద్దులు కూడ ఉన్నయి. ఒక ఇంటికి పాలిచ్చే పెద్ద పశువులైతే మూడు, మేకలు గొర్రెలైతే ముప్పై దాకనే. ఎన్ని పోయినా అంతే. పోయినయి ఆదాయం ఇచ్చే పశువులై ఉండాలె, ప్రభుత్వం చెప్పిన అధికారి ధ్రువీకరించాలె. వరద, తుఫాను, కరువు, అగ్నిప్రమాదం, వడగండ్ల వాన లాంటివి ఆ విపత్తుల జాబితాల ఉన్నయి. మామూలు రోగమొచ్చి చస్తే ఈ పద్దు కింద రాదు. దానికి ఇన్సూరెన్స్ చేసుకోవాలె, లేకుంటే రాష్ట్రం వేరుగ ఇయ్యాలె. ముద్ద చర్మ వ్యాధితో ఆవులు పోయినప్పుడు రాజస్థాన్ ప్రభుత్వం 2023ల ఆవుకు 40,000 చొప్పున ఇచ్చింది. అది ఆ రాష్ట్రం సొంతంగ తీసుకున్న నిర్ణయం.

మన దగ్గర కూడ రాష్ట్రం ఎక్కువ ఇస్తనన్న సందర్భం ఉన్నది. 2024 సెప్టెంబర్ మొదట్ల ఆకేరు వాగు పొంగి మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంల సీతారాం తండా మునిగింది. మనోళ్లు డాబాల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నరు. ఆ వరదలప్పుడు ప్రభుత్వం పశువుకు 50,000, మేకకు గొర్రెకు 5,000 అని ప్రకటించింది. అంటే అడిగితే, అందరి కంట్ల పడితే, రేటు పెరుగుతది. మారుమూల ఒక్క తండాల పదకొండు మేకలు పోతే ఎవరి కంట్ల పడతది?

ఇక ధర సంగతి. సంతల మంచి మేక పదివేలకు తక్కువ రాదు. సూడి మేక పోతే కడుపుల పిల్లలు కూడ పోయినట్టే. దానికి 4,000 ఇస్తే అది నష్టపరిహారం కాదు. మళ్ల ఒక చిన్న పిల్లను కొనుక్కొని మొదటి నుంచి మొదలుపెట్టుమన్నట్టు. అమెరికాల పశువుల పెంపకందార్లకు ఇసొంటిదే ఒక స్కీము ఉన్నది, లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రాం అంటరు. అక్కడ సగటు మార్కెట్ ధరల 75 శాతం కట్టిస్తరు. మనకూ అట్ల ధర లెక్కన ఇయ్యాలని అడగొచ్చు, అడగాలె. కాకపోతే అక్కడ కూడ అడిగేది రుజువే. విపత్తుకు ముందు మంద ఎంత, తర్వాత ఎంత, ఫొటోలేవి, డాక్టర్ కాగితమేది అని. మంద లెక్క చెప్పలేనోనికి అక్కడా కష్టమే.

ఇక్కడ మాకు తెల్లాపూర్ పక్కనే ఉన్న కథ యాదికొస్తది. పటాన్‌చెరు, బొల్లారం దిక్కు 1970ల నుంచి ఫ్యాక్టరీలొచ్చినయి. రసాయనాల నీళ్లు నక్కవాగుల కలిసినయి. ఆ వాగు పోయి మంజీరల కలుస్తది. 1990ల సుప్రీంకోర్టు దాకా కేసు పోయింది. 2009ల కేంద్రం దేశంల తీవ్రంగ కలుషితమైన ప్రాంతాల జాబితా వేస్తే అందుల పటాన్‌చెరు–బొల్లారం ఉన్నది. కోర్టుల నుంచి రైతులకు పరిహారం వచ్చినప్పుడు లెక్క ఎకరానికి కట్టిండ్రు. తరికి ఒక తీరు, ఖుష్కికి ఒక తీరు. మా రూము పక్కన బర్రెలు కాసే ఒక తాత ఆ కాలం చూసినోడు. "భూమి ఉన్నోనికి కాగితం ఉండె. వాగు నీళ్లు తాగిన బర్రెకు ఏం కాగితం ఉంటది బిడ్డా?" అన్నడు. వరదకు, విషానికి తేడా ఉండొచ్చు. కాగితం అడిగే తీరుల మాత్రం మాకు తేడా కనబడలే.

భూమి ఉన్నోని దగ్గర భూమికి పాస్‌బుక్ ఉంటది. మన తాతల ఆస్తి ఎప్పుడూ నడిచే ఆస్తి. బంజారాలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట దేశమంతా తిరిగిండ్రు, సైన్యాలకు సరుకు మోసిండ్రు. రైళ్లొచ్చినంక ఆ బతుకు పోయింది. 1871ల బ్రిటిషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చి సంచార జాతుల పేర్లు రిజిస్టర్ల ఎక్కించి హాజరు తీసుకున్నరు. కాగితం మీద పేరెక్కుడంటే ఒకప్పుడు మనకు శిక్ష. దాది మందను లెక్కపెట్టనియ్యకపోవుడు వెనుక దిష్టి ఒక్కటే ఉన్నదో, లెక్క తెలిస్తే ఎవడన్న గుంజుకపోతడన్న పాత భయం కూడ ఉన్నదో మాకు తెల్వదు. ఆమెను అడుగుదామంటే ఆమె లేదు.

మొన్న జనవరిల యాడి ఖాతాల 16,000 పడ్డయి. నాలుగు మేకలు, నాలుగువేల లెక్కన.

అప్పుడే చెల్లె ఫీజు కట్టే గడువు వచ్చింది. ఇద్దరం తెల్లాపూర్ రూముల కూర్చొని ఫోన్ల క్యాలిక్యులేటర్ తీసినం. నిజంగ పోయినయి పదకొండు. మావి ఏడు, కాకీవి నాలుగు. ఆ లెక్కన పంచితే మాకు పదివేల పైన వస్తయి. అది న్యాయమే అనుకున్నం. ఇప్పుడు కూడ ఆ లెక్క తప్పని అనం. యాడికి ఫోన్ చేసి చెప్పినం.

యాడి విన్నది. తర్వాత ఒకటే అడిగింది. "డాక్టర్ రాసిన నాలుగింటిల మనది ఎన్ని?"

"ఒకటి."

"మరి పన్నెండు వేలు ఎవరివి?"

మేము మాట్లాడలే. ఆమె మళ్ల అన్నది, "దానికి భూమి లేదని, ఖాతా లేదని ఆఫీసుల రాయలే. మనం కూడ రాయకపోతే ఎట్ల?"

పన్నెండు వేలు తీసుకపోయి కాకీకి ఇచ్చింది. కాకీ పదివేలు ఉంచుకొని రెండువేలు తిరిగి పంపింది, పిల్ల ఫీజుకని. చెల్లె ఫీజుకు మిగిలింది మేము అప్పు తెచ్చినం. ఇంకా కడుతున్నం. కాకీ ఆ పదివేలతోని రెండు ఆడ మేకపిల్లలను కొన్నది. మొన్న ఇంటికి పోతే దొడ్డిల అవి రెండూ ఎగురుతున్నయి. దొడ్డి ఇప్పుడు వాగుకు దూరంగ, గట్టు మీదికి మార్చినం.

మేము పెద్దగ చదువుకున్నోళ్లం అనుకుంటం. ఫోన్ల లెక్క చేసినం. చదువురాని యాడి అసలు తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకున్నది. కాకీ పేరు కాగితం మీద లేకపోవుడే తప్పు. ఆ తప్పు వల్ల మాకు లాభమొచ్చే ఛాన్స్ దొరికింది, మేము దాన్ని న్యాయమనుకున్నం. ఇది రాయాల్నా వద్దా అని ఇద్దరం వారం రోజులు వాదులాడుకున్నం. రాయాలనే అనుకున్నం. ఎందుకంటే ప్రతి తండాల, ప్రతి గూడెంల ఒక కాకీ ఉంటది.

అందుకని మేము మా తండాల మొదలుపెట్టినయి చెప్తం. మీ దగ్గర కుదిరితే చెయ్యండి.

ఒకటి, మందతోని యజమాని నిలబడి ఫొటో. నెలకు ఒక్కసారి. ఫోన్ల తారీఖు, జాగ పడేటట్టు పెట్టుకొని తియ్యండి. ఒక నోట్‌బుక్కుల పెద్దయి ఎన్ని, పిల్లలెన్ని, ఎవరివి అని రాయండి. కొట్టుకపోయిన మేకకు శవం ఉండదు, అది ఉండెనని చెప్పే ఫొటో అన్న ఉండాలె. దానితోని పైసలు ఖాయమని మేం చెప్పలేం. అడగనీకె చేతుల ఏదో ఒకటి ఉంటది.

రెండు, చెవి పోగులు. పశువైద్యశాలల పసుపు రంగు ట్యాగు వేస్తరు, పన్నెండు అంకెల నంబరుంటది. బర్రెలకు, ఆవులకు తప్పకుండ వేయించండి. మేకలకు పీపీఆర్ టీకా వేయించనీకె పోయినప్పుడు వాటికి కూడ అడగండి. మన పెద్దల చెవి కోత మనకు అర్థమైతది, ఆఫీసుకు ఆ నంబరే అర్థమైతది.

మూడు, ఎవరి మేకలు వాళ్ల పేరు మీద. ఒంటరి ఆడోళ్లు, భూమిలేనోళ్లు ఎవరున్నా వాళ్లకు ఆధార్ లింకైన ఖాతా ఇప్పుడే చేయించండి. వరద వచ్చినంక చేయించనీకె టైముండదు. ఒకటే దొడ్డి అయినా యజమానులు ఇద్దరుంటే అప్లికేషన్లు రెండు పెట్టాలె. కలిపి పెట్టుమంటే ఒప్పుకోకండి. మేము ఒప్పుకున్నం, అదే మా పొరపాటు.

నాలుగు, ఇన్సూరెన్స్. జాతీయ పశుసంపద మిషన్ కింద 2024 ఫిబ్రవరిల కేంద్రం రైతు కట్టే ప్రీమియం వాటాను 15 శాతానికి తగ్గించింది. మేకలు, గొర్రెలకు కూడ వర్తిస్తది. మీ మండలంల నడుస్తున్నదా అని డాక్టర్‌ను అడగండి. నడవకపోతే ఎందుకు నడవట్లేదని పదిమంది కలిసి పోయి అడగండి.

అయిదు, ఆపద వచ్చిన రోజు. పూడ్చకండి. శవాలను దూరంగ, నీళ్లకు తగలకుండ పెట్టి, ఒక్కొక్కదానికి ట్యాగు, మొహం కనబడేటట్టు ఫొటో తియ్యండి. 1962కు ఫోన్ చెయ్యండి, బండి రాకపోతే మండల పశువైద్యశాలకే పోండి. పంచాయతీ కార్యదర్శికి, తహసీల్దార్‌కు రాసి ఇయ్యండి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకొని జిరాక్సు పెట్టుకోండి. పంచనామాల అంకె రాసేటప్పుడు పక్కనే నిలబడండి. కొట్టుకపోయినవాటిని కూడ వేరే వరుసల రాయుమని అడగండి. డాక్టర్ చూసి కాగితం ఇచ్చినంకనే లోతుగ పూడ్చండి.

ఈ ఆషాఢంల సీత్లా పండుగకు మేము ఇంటికి పోతున్నం. మంద అమ్మవారి ముందట నుంచి దాటేటప్పుడు ఒకరం నోట్‌బుక్ పట్టుకొని నిలబడాలని అనుకున్నం. యాడిని అడిగినం, దిష్టి తగులుతదంటవా అని. కొంచెంసేపు ఆలోచించింది.

"కాకీవి ముందుగాల రాయుండ్రి" అన్నది.

మీ తండాల, గూడేలల్ల ఎవరికన్న ఇట్ల జరిగితే, పైసలు వచ్చినా రాకపోయినా, ఏ కాగితం అడిగిండ్రో రాయండి. అందరివి కలిపి ఒక్కదగ్గర పెడదాం. వచ్చే వానకు ఎవరో ఒకరికి ఆ ఫోన్ గంట ముందుగాల పోవాలె.

జై సేవాలాల్. జోహార్.